ఆరూ నలభై చుక్క

రంజాన్ పండగ రేపా ఎల్లుండా అని చెన్నూరులో ఎవరికి అనుమానం వచ్చినా ఇనాయతుల్లా కళ్ళనే నమ్ముకుంటారు. ఒకటా రెండా, ముప్పై ఒక్క ఏళ్ళుగా రంజాన్ ఉపవాసాల్లో ఇరవై తొమ్మిదో రోజా సాయంత్రం మస్జిదు మిద్దె ఎక్కి, పడమటి దిక్కున నెలవంకను అందరికంటే ముందు పట్టుకున్నది ఆయనే. మబ్బు పట్టిన ఏడు కూడా ఆ మబ్బు సందులోంచి వెతికి పట్టి చూపించాడు. ఏడాది పొడుగునా ఆయన మోపెడ్ వెనక దుప్పట్లూ చెద్దర్లూ మూట కట్టుకుని కోటపల్లి దాకా ఊరూరా తిరిగి అమ్ముకునే మామూలు మనిషి. ఆ ఒక్క సాయంత్రం మాత్రం ఆయన ముందు తహసీల్దారు కూడా దిగదుడుపే. ఊరందరికీ ఆయన చాంద్ చాచా.

అంతటి చాంద్ చాచాకు ఆ ఏడు ఇరవై తొమ్మిదో రోజాన తెల్లవారుజామున సహరీకి లేస్తూనే దిగులు పట్టుకుంది. సాయంత్రం నెలవంక ఉంది, అది సరే. దానికంటే ముందు, పదింటికి, మంచిర్యాల కంటి దవాఖానలో ప్రెజర్ పరీక్ష ఉంది. ఆ పరీక్షలో తన గుట్టు బయటపడుతుందని ఆయనకు తెలుసు. ఆ గుట్టు ఏమిటో భార్య ముంతాజ్‌కు కూడా తెలియదు.

ఈ కంటి కథ ఒక మేకతో మొదలైంది. ఆరు నెలల కింద కోటపల్లి దారిలో పోశవ్వ మేక ఎడమ పక్క నుంచి రోడ్డు మీదికొచ్చింది. చూడనోడికి కూడా కనిపించేంత బలిసిన మేక. ఇనాయతుల్లాకు కనిపించలేదు. మోపెడ్ ఒక వైపు, దుప్పట్లు ఒక వైపు, ఆయనొక వైపు పడ్డారు. మేకకు వెంట్రుక కూడా రాలలేదు. పోశవ్వ కర్ర పట్టుకుని ఉరికొచ్చింది.

"కండ్లు నెత్తికెక్కినయా నీకు? గింత మేక కానరాలేదా?"

"అల్లా కసం, నిజంగనే కానరాలేదవ్వా."

"గట్లయితే దుప్పట్లమ్ముడు పక్కకు పెట్టి ముందుగాల దవాఖానకు పో!"

తిట్టడానికి తిట్టింది గానీ, పోశవ్వ ఆ రోజు చేసిన మేలు కన్నతల్లి కూడా చేయదు. మంచిర్యాలలో పరీక్ష చేసిన డాక్టరమ్మ రెండు కళ్ళలోనూ ప్రెజర్ ముప్పై దాకా ఉందని తేల్చింది. గ్లకోమా అన్నది. మన పెద్దవాళ్ళు నీటికాసులు అంటారే, అదే. కంట్లో ఊరే నీరు సరిగ్గా బయటికి పోక ఒత్తిడి పెరుగుతుంది, వెనకనున్న నరం నలిగిపోతుంది, చూపు పక్కల నుంచి మెల్లమెల్లగా తరుగుతూ వస్తుంది. నొప్పి ఉండదు, మంట ఉండదు, మనిషికి తెలియనే తెలియదు. ఎడమ కంట్లో అప్పటికే కొంత పోయింది.

"పోయిన చూపు ఎవ్వరూ తిరిగి తేలేరు," అన్నది డాక్టరమ్మ. "ఉన్నది నిలబెట్టుకునేటందుకే గీ చుక్కలు. రోజుకు మూడుసార్లు, ఒక్కో కంట్ల ఒక్కో చుక్క. తప్పొద్దు."

ఇనాయతుల్లా తప్పలేదు కూడా. అయిదు నెలలు గడియారం చూసుకుని వేశాడు. ప్రెజర్ పదిహేడుకు దిగింది. పరీక్ష చేసే అమ్మాయి షారోన్ తమ ఊరి పిల్లే. మెథడిస్టు చర్చి వెనక వీధిలో ఉండే జేమ్స్ సారు కూతురు. ఆ ఇంట్లో పరిచే ప్రతి చెద్దరూ ఇనాయతుల్లా మూటలోంచి దిగిందే. "చాచా, మా దవాఖానల మీరే ఫస్ట్ ర్యాంక్!" అని ఆ పిల్ల మెచ్చుకుంటే ఆయన వారం రోజులు మెడ పైకెత్తుకుని తిరిగాడు.

ఒక్కటే కట్టుబాటు పెట్టుకున్నాడు. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియకూడదు. నెలవంకకు గవాహీ, అంటే సాక్ష్యం, చెప్పే మనిషి కళ్ళకే జబ్బంటే ఇంకేముంది, చాంద్ చాచా పేరు గోదావరిలో కలిసినట్టే. షారోన్‌తో ఒట్టు పెట్టించుకున్నాడు, ముంతాజ్ కూడా నోరు మెదపనని మాటిచ్చింది.

ఇంతలో రంజాన్ వచ్చింది. మొదటి రోజా నాడు మధ్యాహ్నం రెండింటికి, ఊరి బయట కల్వర్టు మీద కూర్చుని, అలవాటు ప్రకారం రెండు కళ్ళలో చుక్కలు వేసుకున్నాడు. నాలుగు నిమిషాలకు గొంతులో చేదు తగిలింది. ఆయన పై ప్రాణం పైనే పోయింది. రోజాలో గుక్కెడు నీళ్ళు కూడా మింగని మనిషి గొంతులోకి మందు దిగింది! ఉమ్మాడు, ఉమ్మాడు, ఆ కల్వర్టు కింద కాలువ పారేటంత ఉమ్మాడు. చేదు పోలేదు.

మస్జిదులో నమాజు చేయించే హాఫిజ్ సాదిక్ సాబ్‌ను ఒక్క మాట అడిగితే తేలిపోయేది. ఆయన చదువుకున్న మనిషి, నెమ్మదస్తుడు. కానీ అడగాలంటే కంటి జబ్బు సంగతి చెప్పాలి. అది మాత్రం చెప్పడు. ఇక తన బుర్రనే అడిగాడు. ఆ బుర్ర ఎలాంటిదంటే, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. అది ఏం చెప్పిందయ్యా అంటే, తెల్లారకముందు సహరీలో కడుపు నిండా తింటే పొద్దుగూకే దాకా ఆకలికి ఆగుతున్నాం కదా, కంటికి కూడా సహరీ పెడితే సరిపోదా? పొద్దుటి చుక్క, పగటి చుక్క కలిపి తెల్లవారుజామునే వేసేస్తే కన్ను దాచుకుని వాడుకుంటుంది. రాత్రి తరావీ నమాజు ముగిసేసరికి ఎలాగూ ఒళ్ళు తెలియని నిద్ర. పనిలో పని ఆ మూడోదీ సహరీలోనే కానిచ్చేద్దాం.

ఇంత గొప్ప ఉపాయం డాక్టర్లకు తట్టలేదే అని ఆయనకు లోలోపల జాలి కూడా వేసింది. మర్నాటి నుంచి సహరీ ముగిసే వేళకు టకటకా మూడు చుక్కలు ఒక కంట్లో, టకటకా మూడు ఇంకో కంట్లో. కన్ను పట్టేది ఒక్క చుక్కే, తక్కినవి చెంపల మీద నుంచి జారి గడ్డంలో కలిసేవి. శీశా మాత్రం రోజూ తరగవలసినంతే తరుగుతోంది కాబట్టి ముంతాజ్‌కు అనుమానం రాలేదు. ఆ మందుకు మత్తు కమ్మే గుణం ఒకటుంది. మధ్యాహ్నం జొహర్ నమాజులో నుదురు నేలకానించి సజ్దాకు వంగిన మనిషి ఒక రోజు లేవడమే మరిచిపోయాడు. ఈ ఏడు చాచాకు భక్తి ముదిరింది అనుకున్నారు పక్కవాళ్ళు. ముంతాజ్ అయితే తన చెల్లెలికి ఫోన్ చేసి మరీ గొప్పలు చెప్పుకుంది.

అట్లా ఇరవై ఎనిమిది రోజులు గడిచాయి. ఇరవై తొమ్మిదో నాడు ముంతాజ్‌ను వెంటబెట్టుకుని తొమ్మిదింటి బస్సులో మంచిర్యాల చేరాడు.

షారోన్ నవ్వుతూ ఎదురొచ్చింది. "సలాం చాచా! చాచీ, మీరు కూడ వచ్చిండ్రా? రాండ్రి రాండ్రి. ఫస్ట్ ర్యాంక్ మళ్ళ కొడుతరా చూద్దాం!"

గడ్డం మిషిన్ మీద ఆనించాడు. ఫుస్సుమని గాలి కన్ను మీద కొట్టింది. ఇంకో కన్ను మీద కొట్టింది. షారోన్ నవ్వు మాయమైంది. మళ్ళీ కొట్టింది. చీటీ చించి చూసి, లోపలికి పోయి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. డాక్టరమ్మ స్వయంగా కొట్టి చూసింది.

"కుడి ఇరవై ఎనిమిది. ఎడమ ముప్పై ఒకటి. చుక్కలు వేస్తున్నరా?"

"వేస్తున్నమ్మా. రోజుకు మూడు. ఒక్కటి కూడ తప్పలే."

ఆ మాట అబద్ధం కాదని ఆయన తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. షారోన్ మాత్రం ఆయన మొహంలోకి పరీక్షగా చూసి, బల్ల మీది శీశా తీసి చేతిలో పెట్టింది.

"ఎట్ల వేస్తున్నరో నా ముంగట వేసి చూపెట్టుండ్రి చాచా."

"గిప్పుడా? రోజా ఉన్న కద బిడ్డా!"

"మరి పగటి చుక్క రోజూ ఎట్ల వేస్తున్నరు?"

చచ్చాం! అనుకున్నాడు ఇనాయతుల్లా. ముంతాజ్ మెల్లగా ఆయన వైపు తిరిగింది. ఆమె తిరిగిన తీరు చూసి షారోన్ ఒకడుగు వెనక్కి వేసింది. ఇక దాచి లాభం లేక సహరీ ఉపాయమంతా కక్కేశాడు. కల్వర్టూ చేదూ ఉమ్మడమూ ఏదీ వదలకుండా చెప్పాడు.

"నెలంత నా కండ్లల్ల దుమ్ము కొట్టినవా?" ముంతాజ్ గొంతు దవాఖాన గేటు దాకా వినిపించింది. "సజ్దాల నిద్రపోతుంటె మా ఆయన అల్లాకు దగ్గరి వలీ అయిండని మా చెల్లెకు చెప్పిన గదా! మూడు పూటల బువ్వ ఒక్కటే పూట తిని నెల రోజులు బతుకుతవా నువ్వు?"

డాక్టరమ్మ ముంతాజ్ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది గానీ, తన మాట అంతకంటే గట్టిగా ఉంది. "ఒక్క చుక్క పనిచేసేది ఎనిమిది గంటలు. మూడు ఒక్కసారే పోస్తే ఇరవై నాలుగు గంటలు చెయ్యది. తక్కిన పొద్దంత నరం నలుగుతనే ఉన్నది. రెండు రోజులు చూస్త. గీ రోజు నుంచి ఎనిమిది గంటలకొకసారి కరెక్టుగ వేసి ఎల్లుండి రాండ్రి. ఇరవై లోపుకు దిగిందా, సరే. దిగకపోతే హైదరాబాద్‌కు ఆపరేషన్‌కు రాస్త. ఆపరేషన్ చేసినా పోయింది మాత్రం రాదు. మీ ఎడమ కంట్ల మిగిలిందే తక్కువ."

మిగిలిందే తక్కువ. ఆ మాట ఇనాయతుల్లా గుండెలో దిగబడింది. ఇన్నాళ్ళూ ఆయన భయపడింది పేరు పోతుందని. కళ్ళే పోతే పేరు పెట్టుకుని ఏం చూస్తాడు? మోపెడ్ తోలలేడు, దుప్పటి రంగు చెప్పలేడు, ముంతాజ్ కోపంగా ఉందో నవ్వుతోందో గొంతు విని ఊహించుకోవాలి. ఆయనకు ఏడుపొచ్చింది. అందరి ముందే కళ్ళు తుడుచుకున్నాడు.

ముంతాజ్ ఏడవలేదు. ఫోన్ తీసి హాఫిజ్ సాబ్‌కే కొట్టి, స్పీకర్ పెట్టింది. "హాఫిజ్ సాబ్, సలాం. ఒక మాట చెప్పుండ్రి. రోజాల కంట్ల మందు చుక్కలేస్తే రోజా పోతదా?"

"పోదమ్మా," అన్నాడు సాదిక్ సాబ్, ఇంత చిన్న ప్రశ్నకు ఇంత కంగారెందుకన్నట్టు. "నేను చదివిన కితాబుల ప్రకారం కంట్ల మందుతోని రోజా తెగది. గొంతుల చేదు తెలిసినా తెగది. ఫికర్ లేకుంట వేసుకొమ్మనండ్రి. ఇంతకూ ఎవరికమ్మా?"

ఇనాయతుల్లా రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. ముంతాజ్ ఆయన వైపు ఉరిమి చూస్తూనే మాట నిలబెట్టుకుంది. "మా చుట్టాలాయనకు. జర దిమాక్ తక్కువ."

షారోన్ నవ్వు ఆపుకుంటూ ఆయన తల వెనక్కి వాల్చింది. "చాచా, జర్ర చూసి నేర్చుకోండ్రి. కింది రెప్ప గిట్ల గుంజాలె. సంచి తీరు అయితది చూసిండ్రా? దాంట్ల ఒక్కటే చుక్క. కన్ను మెల్లగ మూసి, ముక్కు పక్కన గీ మూలను వేలితోని వత్తి పట్టాలె. రెండు నిమిషాలు. కంట్లకెళ్ళి గొంతులకు పోయే దారి గిదే. దీన్ని మూస్తే మందు కంట్లనే ఉంటది, చేదు గొంతులకు రాది."

రెండు కళ్ళలో చెరో చుక్క పడింది. బొటనవేలితో ఒక మూల, చూపుడు వేలితో ఒక మూల వత్తి పట్టుకుని కూర్చున్నాడు. నిమిషం. రెండు నిమిషాలు. గుటక వేసి చూశాడు. ఇంకోసారి గుటక వేశాడు. కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"రాలే! చేదు రాలే! ముంతాజ్, చేదు రాలే!"

"ఎట్లొస్తది? వచ్చే దారిల గోడ కట్టినం కద," అని షారోన్ ఆయన ఫోన్ తీసుకుంది. "గిప్పుడు పది నలభై. ఎనిమిది గంటలకు అలారం పెడుతున్న. సాయంత్రం ఆరూ నలభై. మోగంగనే వేసుకోవాలె. తర్వాత చూద్దాం, పని అయినంక చూద్దాం అంటే వినను."

"వేస్త బిడ్డా, వేస్త. నీ మీదొట్టు."

బస్సు చెన్నూరు దారి పట్టాక గానీ ఆయనకు ఆ అంకెలోని మెలిక తట్టలేదు. ఆరూ నలభై! ఇఫ్తార్ ఆరూ ఇరవై నాలుగుకు. ఖర్జూరం నోట్లో వేసుకుని, మగ్రిబ్ నమాజు చేసి, మిద్దె ఎక్కేసరికి ఆరున్నర దాటి అయిదారు నిమిషాలు. నెలవంక ఆకాశంలో నిలబడేది అరగంట కూడా ఉండదు. ఊరంతా పడమర వైపు కళ్ళు కాయలు కాసేలా చూసే ఆ ఘడియలోనే ఆయన కళ్ళు మూసుకోవాలి. అదీ రెండు నిమిషాలు!

పోనీ పావుగంట ఆలస్యమైతే కన్ను పోతుందా? పోదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. కానీ తన పావుగంటల సంగతి కూడా ఆయనకు బాగా తెలుసు. నెలవంక కనబడగానే ముబారక్‌లు, కౌగిలింతలు, బజారు, షీర్ ఖుర్మా సామాను, ఒక్కటా? ఆ సందట్లో చుక్క రాత్రి పదకొండింటికి గుర్తొస్తుంది. రేపు ఇంకో సందు దొరుకుతుంది. కల్వర్టు మీది చేదుకు భయపడి మొదట తప్పించింది ఒక్క పగటి చుక్కే, చూస్తుండగానే నెలయింది.

సాయంత్రానికి చెన్నూరు ఉడికిపోతోంది. సేమ్యాల దుకాణాల ముందు జనం, దర్జీ కొట్ల ముందు జనం. పొద్దుగూకే వేళకు పాల రాజం స్కూటర్ మీద క్యాన్లు పెట్టుకుని మస్జిదు గేటు దగ్గర కాపు కాశాడు. పండగ రేపయితే షీర్ ఖుర్మా పాయసానికి మూడు వందల లీటర్లు తెప్పించాలి, ఎల్లుండయితే మామూలు యాభై చాలు. డెయిరీ బండి చౌరస్తాలో ఆగి ఉంది, ఏడింటికల్లా దానికి మాట చెప్పాలి. ప్రతి ఏడూ చాచా నోటి మాట మీదే అతని పాల లెక్క.

"చాచా! ఏందే, చాంద్ గీ పొద్దు దొరుకుతదా?" అని కింది నుంచే అరిచాడు.

"చూద్దాం తియ్యిరా!" అన్నాడు ఇనాయతుల్లా. గొంతులో ఎప్పటి ధీమా లేదు.

నమాజు అయ్యీ కాగానే మెట్లన్నీ దడదడలాడాయి. మస్జిదు మిద్దె మీద నలభై యాభై మంది. వెనక గోడకు ఆనుకునే ఇనాయతుల్లా ఇల్లు, ఆ మిద్దె మీద ముంతాజ్, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు. ఎదురుగా పడమటి ఆకాశం కుంకుమ ఆరబోసినట్టు ఉంది. అందరూ ఆయనకు దారిచ్చారు. పిట్టగోడ దగ్గర ఆయన చోటు ఆయనకు ఉంది. హాఫిజ్ సాదిక్ సాబ్ ఫోన్ చేతిలో పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఇక్కడి గవాహీ పెద్దల కమిటీకి చెప్పవలసింది ఆయనే.

దగ్గు వచ్చినవాడు కూడా మింగేస్తున్నాడు. ఇనాయతుల్లా సూర్యుడు దిగిన చోటు గుర్తుపట్టి, అక్కడి నుంచి జానెడు జానెడు పైకి కొలుస్తూ పోయాడు. ఎప్పుడూ చూపు చాపి ఊరుకునేవాడు, ఈసారి మెడ కూడా తిప్పాల్సి వస్తోంది. ఎడమ పక్క ఆకాశం ముక్క ముక్కలుగా దొరుకుతోంది. లేదు. ఇక్కడా లేదు. ఇంకొంచెం పైన...

అప్పుడు మోగింది ఫోన్. షారోన్ పెట్టిన అలారం బ్యాండ్ మేళమంత గట్టిది. మిద్దె మీద ఉన్నవాళ్ళందరూ ఉలిక్కిపడి ఆయన జేబు వైపు చూశారు.

"చాచా, ఫోన్ బందు చెయ్యి!"

"జల్ది చూడు చాచా, టైమ్ అయిపోతుంది!"

ఇనాయతుల్లా పక్క మిద్దె వైపు చూశాడు. ముంతాజ్ ఆకాశాన్ని చూడడం లేదు. ఆయననే చూస్తోంది. ఈ ఒక్కసారి ఆమె తిడితే బాగుండుననిపించింది ఆయనకు.

ముప్పై ఒక్క ఏళ్ళు ఒక వైపు, రెండు నిమిషాలు ఒక వైపు. ఆయన ఫోన్ నోరు నొక్కి, రెండో జేబులోంచి చుక్కల శీశా తీశాడు.

"నా కండ్లకు జబ్బున్నది," అన్నాడు. మిద్దె మీద అందరికీ వినబడేటంత గట్టిగా అన్నాడు. "నీటికాసులు. ఆరు నెలల సంది మందేస్తున్న. గీ నెల దొంగతనంగ ఎగ్గొట్టిన, ప్రెజర్ పెరిగింది. గిప్పుడు చుక్కేసే టైమ్. నేను కండ్లు మూసుకుంట. మీరు చూడుండ్రి."

మిద్దె మీద గుసగుస మొదలైంది. హాఫిజ్ సాబ్ ఆయన మొహంలోకి వంగి చూశాడు. "పొద్దుగాల చాచీ ఫోన్ల చెప్పిన చుట్టాలాయన నువ్వేనా చాచా?"

"నేనే. జర దిమాక్ తక్కువ."

సాదిక్ సాబ్‌కు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. "నెల రోజులు పరేషాన్ అయినవు గానీ నన్నొక్క మాట అడగకపోతివి! శీశా మూత ఇటియ్యి, నేను పట్టుకుంట."

ఇనాయతుల్లా తల వెనక్కి వాల్చాడు. కింది రెప్ప సంచిలా లాగాడు. ఒక్క చుక్క. ఇంకో కంట్లో ఒక్క చుక్క. కళ్ళు మూసి, ముక్కుకు రెండు పక్కలా వేళ్ళతో వత్తి పట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు...

చీకటి. నలభై ఒకటి, నలభై రెండు... కింద రాజం ఎవరినో అడుగుతున్నాడు, చాచా ఏమంటుండు అని. అరవై. సగం అయింది. అరవై ఆరు, అరవై ఏడు...

"చాంద్!"

పక్క మిద్దె మీద నుంచి ఒక్క కేక. ఆ గొంతు ఆయనకు ముప్పై ఎనిమిది ఏళ్ళుగా తెలుసు.

"చాంద్! గదో, టవర్ పక్కన! గదో గదో!"

మిద్దె దద్దరిల్లింది. ఎక్కడ, ఎక్కడ అని తోసుకుంటున్నారు. కనబడ్డది అని ఒకరు, మాషా అల్లా అని ఒకరు. ఎవరో ఆయన భుజం పట్టి ఊపేశారు. "చాచా, కండ్లు తెరువు! చాంద్ వచ్చింది చాచా! తెరువు!"

అబ్బ, ఎంత కష్టమనుకున్నారు! రెప్పలు వాటంతట అవే లేవబోయాయి. ఒళ్ళు మొత్తం కన్నయిపోయి పడమరకు దూకుతానంటోంది. వేళ్ళు ఇంకా గట్టిగా వత్తాడు.

"ఆగుండ్రి! ఇంక యాభై ఉన్నది!"

గొల్లున నవ్వారు. ఆ తర్వాత ఎవరు మొదలుపెట్టారో గానీ, నెలవంకను చూసినవాళ్ళు చూసినట్టే ఇటు తిరిగి ఆయనతో పాటు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఎనభై! ఎనభై ఒకటి! గోడ అవతల ఆడవాళ్ళూ అందుకున్నారు. కింద గేటు దగ్గర రాజానికి ఏమీ అర్థం కాక, పాల లెక్కేమో అనుకుని గుండె పట్టుకున్నాడు. నూటా పదిహేను, నూటా పదహారు... నూట ఇరవై!

చెయ్యి తీశాడు. కళ్ళు తెరిచాడు. అంతా మసకమసకగా తడితడిగా ఉంది. రెండుసార్లు ఆర్పాడు. ముంతాజ్ పిట్టగోడ మీదికి వంగి చెయ్యి చాపి చూపిస్తోంది. ఆ చేతి వెంట మెడ తిప్పుతూ పోయాడు. టవర్ దొరికింది. దాని పక్కన, కాస్త పైన, గోరు గిల్లినంత వెలుగు.

"ఉన్నది," అన్నాడు. "ఉన్నది ముంతాజ్! కానొస్తున్నది!"

ఎన్ని నెలవంకలు చూశాడు ఆయన! ఒక్కదానికీ ఇంత సంతోషం కలగలేదు. ఇంతకు ముందు అందరికంటే ముందు చూశానన్న సంబరమే గానీ, చూడగలుగుతున్నానన్న సంబరం ఆయనకు ఎన్నడూ తెలియలేదు. గడ్డం తడిసేలా ఏడుస్తూ, నవ్వుతూ, హాఫిజ్ సాబ్‌ను కౌగిలించుకున్నాడు.

"గవాహీ రాసుకోండ్రి," అన్నాడు. "మొదలు ముంతాజ్ పేరు. అందరికంటె ముందు చూసింది ఆమెనే. నా పేరు ఆఖరుకు పెట్టుండ్రి."

"చాచా!" కింది నుంచి రాజం గొంతు చించుకుంటున్నాడు. "యాభయ్యా? మూడు వందలా? జల్ది చెప్పు, బండి పోతది!"

"మూడు వందల యాభై తెప్పియ్యిరా!" మిద్దె అంచు మీదికి వంగి అరిచాడు ఇనాయతుల్లా. "గీ యేడు నేను కూడ ఎక్కువ తాగుత!"

పండగ మరుసటి రోజు మళ్ళీ మంచిర్యాల. ముంతాజ్ టిఫిన్ గిన్నె నిండా షీర్ ఖుర్మా తెచ్చింది. ఈ రెండు రోజుల్లో ఎనిమిది గంటలకొకసారి చొప్పున ఒక్క చుక్క తప్పలేదు. పండగ నాడు ఈద్‌గాకు పోతూ అత్తరు రాసుకోవడం మరిచాడు గానీ, నమాజు అయ్యాక పది నలభై చుక్క మరువలేదు. అయినా మిషిన్ ముందు కూర్చుంటూ బిస్మిల్లా అనుకున్నాడు. హైదరాబాదా, ఇల్లా, ఆ గాలి చెప్పాలి.

ఫుస్. ఫుస్. షారోన్ చీటీ చించింది. చూసింది. ఆ పిల్ల కూడా ఒకసారి కళ్ళు నులుముకుంది.

"కుడి పదహారు! ఎడమ పందొమ్మిది!" అని అరిచేసింది. "దిగింది చాచా! ఇరవై లోపుకు దిగింది!"

ముంతాజ్ గిన్నె బల్ల మీద పెట్టి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. మొన్న రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. డాక్టరమ్మ చీటీ చూసి, తల ఊపి, ఆపరేషన్ కాగితం పక్కకు పెట్టేసింది. ఇనాయతుల్లా కుర్చీలోంచి కదలకుండా, "ఇంకొక్కసారి కొట్టు బిడ్డా ఆ గాలి, మజా వస్తున్నది," అన్నాడు.

"కొడత గానీ, విడువద్దు చాచా. దిగిందని ఆపితే మళ్ళ ఎక్కుతది."

"ఆపను. ఇంతకూ ఎన్ని రోజులు వెయ్యాలె గీ చుక్కలు?"

షారోన్ చీటీ మడిచి ఆయన జేబులో పెట్టింది. "ఇప్పటికైతే, ఉన్నన్ని రోజులు చాచా."

ఆ మాటకు ఆయన దిగులు పడతాడేమో అనుకుంది ఆ పిల్ల. ఇనాయతుల్లా ముంతాజ్ వైపు తిరిగి, పండ్లన్నీ కనబడేలా నవ్వాడు.

"విన్నవా? ఉన్నన్ని రోజులు చూస్తనట!"